మైనం మెట్ల గిటారు

ఎనభైలలో కొత్తగూడెంలోని ఒక ఆర్కెస్ట్రాకు గిటారు వాయించే మనిషి కావలసి వచ్చింది. నాకు వాయించడం వచ్చు గాని గిటారు లేదు. మా దొరల కోట లాంటి గడీ పోయినా ఒకరిని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. పాత టేకు తలుపు కోసి ఎలక్ట్రిక్ గిటారు నేనే చేసుకున్నాను. దాని మెడ మీద ఇత్తడి మెట్లను, మా నాయనమ్మ వీణకు ఉన్నట్టే, మైనంతో నిలబెట్టాను.

పరీక్ష మే నెల మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డులో. రెండో చరణానికి మైనం మెత్తబడింది. తీగ నొక్కితే మెట్టు జారింది, దానితోపాటే స్వరం కూడా.

"ఏంది దొరా, మీ మెట్లు నడుస్తున్నయి?" అన్నాడు ఆర్కెస్ట్రా మాస్టరు. అందరూ నవ్వారు. నేను తల దించలేదు గాని చెవులు కాలిపోయాయి.

"చెక్కల గాడి కోసి దిగ్గొట్టాలె. వడ్లాయన దగ్గర నేర్చుకోండ్రి, వారం ఆగుత," అన్నాడు మాస్టరే.

ఆ వారమంతా వడ్రంగి పని చేసే ఆ వడ్లాయన ముందు నేల మీద కూర్చుని రంపం పట్టాను, మెట్లను గాడుల్లో దిగ్గొట్టాను. ఆర్కెస్ట్రాలో చోటు దొరికింది. మా వంశంలో ఒకరి దగ్గర రంపం పట్టడం నేర్చుకున్న మొదటివాణ్ని నేనే. ఆ మాట ఇప్పుడు గర్వంగానే చెబుతాను.