మేం కదల్లేదు, పేరే మారింది

పొద్దున్నే మా ఆఫీసులో డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనని మొండికేసింది. లైసెన్సు గడువు అయిపోయిందట. చూస్తే, పినపాక దగ్గర వాగు మీద కట్టే కల్వర్టు డ్రాయింగ్ సాయంత్రంలోగా పంపాలి. పాత కంపెనీకి ఫోన్ చేస్తే, "అది మేం అమ్మేశాం" అన్నారు. కొన్నవాళ్లకు చేస్తే, "ఆ పేరుతో మా దగ్గర ఏ సాఫ్ట్‌వేరూ లేదు" అన్నారు.

మా ఓనర్ రాంబాబన్న తల పట్టుకున్నాడు. "ఏందమ్మా గిది! నిన్నటిదాంక మంచిగనే నడిచింది గదా, ఇయ్యాల అసలు లేనే లేదంటరేంది?"

కొన్నవాళ్లకే మళ్లీ చేశాను. ఈసారి ఫోనెత్తిన తెలుగబ్బాయి ఓపిగ్గా వెతికి, కంపెనీ చేతులు మారాక సాఫ్ట్‌వేర్ పేరు కూడా మార్చేశారని కనిపెట్టాడు. ఇక మా అడ్రస్ ఒకటి సరిచూస్తే చాలన్నాడు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అని చెప్పాను.

"ఇక్కడ ఖమ్మం జిల్లా అని ఉంది మేడమ్. ఆఫీసు మార్చారా?"

ఖమ్మం నుంచి మా జిల్లా విడిపోయి ఏళ్లయినా, అలవాటుకొద్దీ అలా రాయించింది రాంబాబన్నే!

"లేదండీ, మేం ఎక్కడికీ కదల్లేదు. జిల్లా పేరే మారింది."

అతను ఫక్కున నవ్వాడు. "మా సాఫ్ట్‌వేర్ కూడా అంతే మేడమ్!"

ఇద్దరం నవ్వుకుంటూనే లైసెన్సు పని పూర్తి చేశాం. కొత్త పేరుతో పాత స్క్రీనే తెరుచుకుంది. పాత జిల్లా పేరు రాయించినందుకు రాంబాబన్నను రోజంతా ఆట పట్టించాను.

సాయంత్రం డ్రాయింగ్ పంపేశాక తీరిగ్గా చూసుకున్నాను. కింద మూలన, నేను స్వయంగా టైపు చేసిన అక్షరాలు: ఖమ్మం జిల్లా.

రాంబాబన్న ఇంకా చూడలేదు. మీలోనూ ఇంకా పాత పేరే రాసేవాళ్లుంటే జల్దీ చెప్పండి, రేపు ఆఫీసుకి కాస్త ధైర్యంగా వెళ్తాను.