కమలాకర్ గారి పెదనాన్న

యూనివర్సిటీ హాస్టల్లో అటెండరుగా ముప్ఫై ఒక్క ఏళ్లు చేసిన దానయ్య, సంతకం లేకుండా ఒక్క తాళంచెవి కూడా ఎవరి చేతిలోనూ పెట్టి ఎరగడు. వార్డెన్లు మారారు, మెస్సు కాంట్రాక్టర్లు మారారు, గేటు పక్క బల్ల మీది రిజిస్టరు మాత్రం మారలేదు. పేరు, గది నంబరు, వచ్చిన వేళ, సంబంధం. ఆ నాలుగో గడి దగ్గరే దానయ్య ప్రతాపమంతా.

క్యాంపస్‌లో నాన్‌బోర్డర్లని ఒక జాతి ఉంటుంది. సీటు రానివాళ్లు, చదువు అయిపోయినా ఊరికి పోలేనివాళ్లు. స్నేహితుడి మంచంలో సగం, కంచంలో సగం పంచుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటారు. అడిగితే ప్రతివాడూ చుట్టమే. "మా మేనబావ అన్నా, నిన్ననే ఊరికెల్లి వచ్చిండు" అని గదివాడు అనగానే దానయ్య కళ్లద్దాలు సవరించుకుని, వచ్చినవాడి వైపు తిరిగి తీరిగ్గా ఒకే ఒక్క ప్రశ్న వేసేవాడు.

"మంచిది తమ్మీ. మరి మీ బావోళ్ల నాయిన పేరేంది?"

నూటికి తొంభై మంది అక్కడ నీళ్లు నమిలేవారు. దానయ్య ఎర్ర సిరా కలం తీసి, సంబంధం గడిలో 'ఏమీ కాడు' అని రాసి, సామాను బయట పెట్టించేవాడు. అది తన నిజాయితీ అనుకునేవాడు. అందులో కాస్త సరదా కూడా ఉండేదని ఒప్పుకోవడానికి ఇప్పటికీ ఇష్టపడడు.

నిరుడు జూన్‌లో రిటైరయ్యాడు. కాపురం మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల ఇల్లు. భార్య సోమమ్మ అదే క్యాంపస్‌లో మెస్సు పనిమనిషి, ఇరవై ఆరేళ్లు బియ్యం ఏరి, ఉల్లిగడ్డలు కోసింది. ఆమె ఎన్నడూ ఏదీ అడగలేదు, అడిగే తీరిక ఎవరిచ్చారు గనక. మొగుడికి కప్పిన శాలువా మడతపెడుతూ మాత్రం నోరు తెరిచింది.

"నాకు సముద్రం జూపియ్యి. ఉత్తగ జూసుడు గాదు. గాడనే పండుకోవాలె, లేవంగనే కండ్ల ముంగట సముద్రం ఉండాలె. ఒక్క దినం చాలు."

ఆ ఒక్క మాట నెరవేర్చకపోతే తాను మొగుడినని చెప్పుకోవడం దండగ అనిపించింది దానయ్యకు. తార్నాకలో కళ్లద్దాల దుకాణంలో పనిచేసే కూతురు స్వర్ణకు చెప్పాడు. ఆమె మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఫోన్లోనే బుకింగ్ పని ముగించింది.

"లాడ్జి గాదు నాయినా, ఫ్లాట్. మొత్తం ఇల్లు మీకే. భీమిలి దిక్కు. బాల్కనీ ముంగటనే బీచ్."

"మరి ఇంటోళ్లు ఏడుంటరు?"

"వాళ్లుండరు."

"ఉండకపోతే తాళంచెవి ఎవరిస్తరు?"

"తలుపు పక్కన చిన్న డబ్బా ఉంటది. నంబర్ తిప్పితే తెర్సుకుంటది, అండ్ల ఉంటది."

"సంతకం?"

"ఏం సంతకం నాయినా!"

దానయ్య బుర్ర గిర్రున తిరిగింది. ఎవరూ ఇవ్వని తాళంచెవి, ఎవరూ లేని ఇల్లు. యజమాని పేరు కమలాకర్ అట, ఫోటోలో చూస్తే పాతికేళ్లు నిండని గడ్డం కుర్రాడు. వాడు ఎవరో తమకు తెలియదు, తామెవరో వాడికి తెలియదు. అలాట్‌మెంట్ లెటర్ ఏదని అడిగితే కూతురు ఫోన్లో బుకింగ్ చూపించింది. ఆయన ఊరుకోలేదు, తార్నాక చౌరస్తాలో దాని ప్రింటు తీయించి మూడు జిరాక్సులు కొట్టించాడు. వాటి మీద స్టాంపు ఎవరు వేస్తారో మాత్రం తెలియలేదు.

రైలు అనకాపల్లి దాటుతుండగా ఫోన్లో కమలాకర్ మెసేజ్ వచ్చింది. 'అంకుల్, గేటు దగ్గర వాచ్‌మన్ అడిగితే మా చుట్టాలమని చెప్పండి. బయటివాళ్లకు ఇవ్వడం అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇష్టం లేదు.' దానయ్య మూడుసార్లు చదివాడు. మూడోసారికి చెమట పట్టింది. అంటే ఏమిటి? డబ్బు కట్టి, మూడు జిరాక్సులు పట్టుకుని, తాను ఇప్పుడు నాన్‌బోర్డరా?

సోమమ్మకు చెప్పలేదు. ఆమె కిటికీకి అతుక్కుని, నీళ్ల చెరువు కనబడిన ప్రతిసారీ "గిదేనా?" అని అడుగుతోంది.

సాయంత్రం నాలుగింటికి ఆటో గేటు ముందు ఆగింది. ఆరంతస్తుల భవనం, వెనక హోరు. గేటు లోపల బల్ల, బల్ల మీద రిజిస్టరు, దాని వెనక కళ్లద్దాల వాచ్‌మన్. దానయ్యకు అద్దంలో చూసుకున్నట్టయింది.

"ఏ ఫ్లాటుకండీ?"

"నాల్గు వందల రెండు. కమలాకర్ గారి... సుట్టాలం."

"ఏ వరసండీ?"

వరస ఆలోచించుకోలేదు! బాబాయి అందామా, మేనమామ అందామా అని దానయ్య తడుముకుంటుండగా వాచ్‌మన్ కళ్లద్దాలు సవరించుకుని తీరిగ్గా అడిగాడు.

"పోనీ కమలాకర్ గారి నాన్నగారి పేరేటండీ?"

అది తన ప్రశ్న. ముప్ఫై ఒక్క ఏళ్లు తాను వాడి వాడి అరగదీసిన ప్రశ్న. ఇటువైపు నిలబడి వింటే ఇంత పదునుగా ఉంటుందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. జిరాక్సులు తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు. అవి చూపిస్తే అద్దెకు వచ్చినట్టు రుజువు, చూపించకపోతే దొంగ. వెనక సోమమ్మ చెప్పులు విడిచేసి, గోడ అవతల హోరు వింటూ నిలబడి ఉంది. ఇంత దూరం వచ్చి, ఈ గేటు దగ్గరి నుంచి ఆమెను వెనక్కి తీసుకుపోవాలా?

"ఒక్క రాత్రి తమ్మీ," అన్నాడు దానయ్య. "పొద్దుగాల్ల సముద్రం జూసుకొని పోతం."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గాని అది ఎవరిదో ఆయనకు గుర్తు రాలేదు. పదేళ్ల కింద రఘువీర్ అనేవాడు సరిగ్గా ఇవే మాటలన్నాడు. 'ఒక్క రాత్రి దానన్నా, పొద్దుగాల్ల పరీక్ష రాసి పోత.' దానయ్య ఎర్ర సిరాతో రాశాడు. ఆ కుర్రాడు బతిమాలలేదు, తిట్టలేదు. ఒక చేత్తో పుస్తకాల సంచి, ఇంకో చేత్తో బకెట్ పట్టుకుని చీకట్లో గేటు దాటాడు. పరీక్ష రాశాడో లేదో దానయ్య కనుక్కోలేదు.

వాచ్‌మన్ ఒకసారి సోమమ్మ వైపు చూశాడు. కలం తీశాడు.

"మీ పేరు చెప్పండి. దానయ్య గారా, సరే. సంబంధం, పెదనాన్న. రాసేశానండి. లిఫ్టు అటేపు."

దానయ్య కదలలేదు. పట్టుబడినవాణ్ణి లోపలికి పంపడమేమిటో ఆయనకు బోధపడలేదు. సోమమ్మ రెక్క పట్టుకుని లాగితే నడిచాడు.

పైన డబ్బా నంబరుకు తెరుచుకుంది, తాళంచెవి చేతిలో పడింది. ఆ ఇంట్లో ఎలా ఉండాలో మాత్రం అర్థం కాలేదు. సోఫాలో కూర్చోబోయి, ఎవరైనా వచ్చి లేపుతారేమోనని లేచాడు. చివరికి అలవాటు కొద్దీ కాగితం మీద సామాను జాబితా రాశాడు: కుర్చీలు నాలుగు, దిండ్లు ఆరు, చెంచాలు పదకొండు. రాసి, ఎవరికివ్వాలో తెలియక ఫ్రిజ్ మీద పెట్టాడు. సోమమ్మ మంచం సముద్రం వైపు తిప్పించి, బాల్కనీ తలుపు తెరిచే పడుకుంది.

తెల్లవారి ఆయన లేచేసరికి ఆమె దిండు మీద చెంప ఆనించి, కళ్లు తెరిచి అటే చూస్తోంది. ఎర్రటి నీళ్లు, వాటిలోంచి లేస్తున్న పొద్దు.

"ఏమయ్యా, గింత పెద్దగున్నదేంది!" అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. దానయ్యకు పట్టరాని సంతోషం కలిగింది, ఆ వెనకే సిగ్గు కూడా. ఈ పొద్దు తనకు రిజిస్టరులో ఒక అబద్ధం పెట్టిన భిక్ష.

ఇసుకలో, అలల్లో తిరిగి తిరిగి, పదకొండింటికి కిందికి దిగారు. వెళ్తున్నట్టు సంతకం పెట్టమని వాచ్‌మన్ రిజిస్టరు తిప్పాడు. దానయ్య చూపు అలవాటుగా నాలుగో గడి మీదే పడింది. నాల్గు వందల రెండుకు ఆ ఒక్క నెలలోనే ఏడుగురు మేనమామలు, నలుగురు పిన్నులు, ఇద్దరు వియ్యంకులు. పాతికేళ్లు నిండని కుర్రాడికి వియ్యంకులు!

"నీకు తెలుసుగద తమ్మీ, గీళ్లెవ్వరు సుట్టాలు గారని. మరెందుకు రాసినవ్?"

"గడి ఖాళీగా వదలకూడదు కదండీ. ఏదో ఒకటి రాయాలి. చుట్టమని రాస్తే నాదేటి పోద్దండీ?"

దానయ్య కలం అందుకున్నాడు. సంతకం పెట్టాడు. రైల్లో రాత్రంతా ఆ ముక్కే నమిలాడు. తానూ గడి ఖాళీగా వదల్లేదు. తనదేం పోయేది?

మర్నాడు పొద్దున సికింద్రాబాద్‌లో దిగి తార్నాక బస్సెక్కారు. సోమమ్మ చీర కుచ్చిళ్లలో ఇసుక ఇంకా రాలుతోంది. మెట్టుగూడ దాటాక దానయ్య నోరు విప్పాడు.

"రఘువీరని ఒకడుండె. పరీక్ష ముంగట బైటికి ఎల్లగొట్టిన. సంబంధం గడిల వాడు ఏమైతడని రాయాల్నో నాకిప్పటికీ సమజ్ కాలే."

"గండ్ల సమజ్ కానిదేమున్నది?" అంది సోమమ్మ, కుచ్చిళ్లు దులుపుకుంటూ. "నా తమ్ముడని రాయకపోయినవా. నాకెట్లనూ తమ్ముళ్లు లేకపాయె."

తార్నాక వచ్చింది. కండక్టర్ రెండుసార్లు పిలిచినా దానయ్య లేవలేదు. సోమమ్మే ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించింది.