తొడగొట్టి చెప్పిన ఇంగ్లిష్

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, భూగోళమ్మీద ఇంగ్లిష్ సరిగ్గా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అని నా నమ్మకం. బంతిభోజనంలో వడ్డించినట్టు ప్రతి అక్షరానికీ సమానంగా బరువు వడ్డించి మాట్లాడేవాణ్ణి. మకాం చికాగో శివారు నేపర్‌విల్, ఉద్యోగం చికాగోలో పంపులు అమ్మే కంపెనీ. ఆ నమ్మకాన్ని మా బాస్ ఒక్క మధ్యాహ్నంలో కూల్చేశాడు. (ఆయన గడ్డంలో రెండు పిచ్చుకల కుటుంబాలు సుఖంగా అద్దెకుండవచ్చు. నా లెక్కలో ఆయన గడ్డందొర.) "శుక్రవారం కస్టమర్లతో నువ్వే మాట్లాడాలి. కాని నువ్వు ఎక్విప్‌మెంట్ అంటే నాకే అర్థం కావడం లేదు. మాటలో ఒక్కచోటే బరువు వెయ్యి. వాళ్లకీ అర్థం కాకపోతే నిన్ను మళ్లీ బేస్‌మెంట్‌కి పంపక తప్పదు" అన్నాడు. కిటికీలేని ఆ బేస్‌మెంట్‌లో డ్రాయింగులు గీస్తూ ఒక చలికాలమంతా సూర్యుణ్ణి మరిచిపోయినవాణ్ణి నేను!

ఏ చోట బరువు వెయ్యాలో అడగడానికి పరువు అడ్డొచ్చింది. ఇంటికెళ్లి రూమ్మేట్‌తో మొరపెట్టుకున్నాను. ఆదివారాలు తెలుగు చర్చిలో డోలక్ వాయించే ఆయన్ని డోలక్ అన్నయ్య అనేవాణ్ణి.

"ఓస్, ఇంతేనా తమ్ముడూ! ఇది తాళం గొడవ. బరువున్నచోట తొడమీద దెబ్బ వెయ్యి, మిగతావి మింగెయ్యి. ఎ-క్విప్-మెంట్!" అంటూ 'క్విప్' దగ్గర ఒక్కటి వేశాడు. (పాఠం ఆయనది, తొడ నాది.)

"మరి మెషీన్‌కి?"

"షీ దగ్గర."

"ప్రెషర్‌కి?"

"ప్రె దగ్గర."

"అదేంటి, ఒకదానికి తలమీద, ఒకదానికి తోకమీదా? రూలేంటన్నయ్యా?"

"రూలుంటే కొట్టడం ఎందుకురా? ప్రాక్టీస్ చెయ్యి, అదే వస్తుంది."

రైల్లో ప్రాక్టీస్ చేస్తుంటే పక్కసీటు పెద్దావిడ "బాగానే ఉన్నావా?" అనడిగి, జవాబు వినకుండానే సీటు మారిపోయింది. శుక్రవారానికి నా ఎడమతొడ వంకాయ రంగు తేలింది. చెయ్యి లేవందే నోరు పెగలని స్థితికి వచ్చాను.

కుడిచేత్తో బొమ్మలు చూపే కర్ర పట్టుకుని మొదలుపెట్టాను. మెషీన్, ఫట్! ప్రెషర్, ఫట్! మన దగ్గర ఇలా నలుగురి ముందు తొడగొడితే కర్రలు లేస్తాయి. ఇక్కడ ముందు కనుబొమలు లేచాయి. తర్వాత ముందువరుసలో బట్టతల పెద్దమనిషి బూటుకాలితో తాళం అందుకున్నాడు. గడ్డందొర కళ్లు మూసుకున్నాడు. అంతా అయ్యాక బట్టతలాయన ఏదో ప్రశ్న అడిగాడు. ఆయన ఎక్కడెక్కడ బరువు వేశాడో పొల్లుపోకుండా తెలిసింది. ఏమడిగాడో మాత్రం బ్రహ్మకే ఎరుక. మళ్లీ అడగమన్నాను. అడిగాడు. నా చెయ్యి ఆయన మాటలకీ తాళం వేసింది! గది గదంతా పగలబడి నవ్వింది. చివరికి గడ్డందొరే లేచి జవాబు చెప్పాడు.

బయటికొచ్చాక, "నీ ప్రతి మాటా వాళ్లకి అర్థమైంది. ఇకనుంచి నువ్వు మాట్లాడు, ప్రశ్నలు నేను వింటాను" అన్నాడు. అలా బేస్‌మెంట్ తప్పింది.

ఏ మాటకి ఎక్కడ బరువో, ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అయినా ఇప్పుడు చేతులు కట్టుకునే అన్నీ ఇంచుమించు సరిగ్గా పలుకుతాను. మీటింగుల్లో అందరూ బుద్ధిగా వింటారు. ఒక్కరి బూటూ కదలదు.