రెండు గుర్దాలు

మా ఇంట్లో గుర్దా అనే మాటకు రెండు అర్థాలు. మటన్ దుకాణంలో అడిగితే మేక మూత్రపిండం. మనిషి గురించి అంటే ధైర్యం. "వానికి దిల్ గుర్దా ఉన్నది" అన్నామంటే వాడు మాట మీద నిలబడే రకమని. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మా అన్న పనిచేసే డిపార్ట్‌మెంట్‌కు పెద్ద అయిన ప్రొఫెసర్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన రాయలసీమ నుంచి వచ్చి యూనివర్సిటీలో స్థిరపడ్డవాడు. ఊళ్లో వినబడే ఉర్దూ మాటలు ఏరుకుని, సందు దొరికిన చోటల్లా వాడి మురిసిపోయేవాడు.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో అన్నకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. అన్న క్యాంపస్‌లో లెక్చరర్. తార్నాకలో అద్దె ఇల్లు. ఇంట్లో వదిన, ఎమ్మే చదువుతూ వాళ్ల దగ్గరే ఉంటున్న నేను. ముందు అన్న కాళ్లు వాచాయి, తర్వాత మొహం. బూట్లు పట్టక హవాయి చెప్పులతోనే కొన్నాళ్లు క్లాసులకు పోయాడు. డాక్టరు ఉన్నమాట చెప్పాడు. దీనికి మందు లేదు, పై దేశాల్లో ఒకరి మూత్రపిండం తీసి ఇంకొకరికి పెడుతున్నారు, మన దగ్గర అలాంటిది జరగదు.

ఆ "జరగదు" అన్న మాట క్యాంపస్ అంతా పాకింది. దాంతో దాతలు పుట్టుకొచ్చారు. "అవకాశం ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి" అనని మనిషి లేడు. ఒకాయన మా ఇంట్లో చాయ్ తాగుతూ ఇచ్చేశాడు, ఇంకొకాయన గడప దగ్గర చెప్పులేసుకుంటూ ఇచ్చేశాడు. వచ్చినవాళ్లంతా కొబ్బరి బొండాలు తెచ్చారు. అవి కిడ్నీలను కడుగుతాయట. డాక్టరు అన్నకు గట్టిగా వద్దన్న వాటిలో మొదటివి అవే. వదిన ఆ సంగతి చెబితే, డాక్టర్లు అలాగే అంటారని నవ్వేవారు. ఆ బొండాలన్నీ నేనే తాగాను. ఇప్పటికీ వాటి వాసన నాకు పడదు.

ప్రొఫెసర్ అందరినీ మించాడు. అన్న మంచం పక్కన నిలబడి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. మూత్రపిండాలు ఎక్కడుంటాయో కూడా ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"నాకు రెండు గుర్దాలుండాయప్పా. ఒకటి నీదే అనుకో" అన్నాడు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆమె ఏడుస్తోందనుకుని ఆయన ఇంకాస్త కరిగిపోయాడు. ఆమె నవ్వు ఆపుకోలేక పోయిందని నాకు తెలుసు. అన్న మంచం పట్టాక ఆమె నవ్వగా చూసింది అదొక్కసారే.

కొన్నాళ్లకు డాక్టరే మమ్మల్ని పిలిపించాడు. బొంబాయిలో ఒక సర్జన్ ఈ పని పై దేశంలో నేర్చుకుని వచ్చాడట, ప్రయత్నం చేస్తానంటున్నాడట. బతుకుతాడన్న హామీ లేదు. ఇచ్చేవాళ్లెవరైనా ముందు రక్తం చూపించుకోవాలి, తోబుట్టువులైతే మరీ మంచిది. ఈ కబురు కూడా క్యాంపస్ అంతా పాకింది. ఇంటికి రాకపోకలు ఆగిపోయాయి. బొండాలు కూడా ఆగిపోయాయి. ఒకాయనకు షుగర్ బయటపడింది, ఒకాయన భార్య ఒప్పుకోలేదు. ప్రొఫెసర్‌కు నడుం పట్టేసింది. ఆ పట్టేసిన నడుముతోనే ఆయన సాయంత్రం షటిల్ ఆడుతుంటే నేను లైబ్రరీ నుంచి వస్తూ చూశాను.

నా రక్తం కలిసింది. అందులో నా గొప్పేమీ లేదు, ఒక తల్లి కడుపున పుట్టాం. ఇస్తానన్నాను. అన్న వద్దంటాడేమో, పెద్ద పెద్ద మాటలు చెబుతాడేమో అని భయపడ్డాను. అవేవీ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు బతకాలని ఉన్నది చెల్లె" అన్నాడు.



నేను పెళ్లికాని పిల్లను, నాన్న లేడు. ఇంటి పెద్దలు ఒప్పుకుంటే తప్ప నన్ను ముట్టుకోనన్నాడట సర్జన్. మాకు పెద్ద అంటే పెదనాయన. నల్లగొండ వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే ఆయనను పిలిపించాం. వచ్చి, అన్నను చూసి కళ్లు తుడుచుకున్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క గుర్దా పిల్లను ఎవడు చేసుకుంటడు? ముందుగాల సంబంధం ఖాయం కానియ్యిండ్రి, అటెన్క పోదురు" అన్నాడు.

అంటే పెళ్లికొడుకును ఒప్పించాక, వాడికి తెలియకుండా కోయించుకుని రావచ్చన్నమాట. పైగా అది ఆషాఢం. సంబంధాలు చూడాలంటే శ్రావణం రావాలి. అన్న ఒంట్లో విషానికి ఆషాఢం, శ్రావణం తెలియవు కదా అని వదిన అడిగింది. ఆడవాళ్ల మాటగా అది గాలికి పోయింది. ప్రొఫెసర్‌కు అప్పుడు నడుం నొప్పి తగ్గింది. ఇంటికొచ్చి పెదనాయన పక్కన కూర్చుని, ఆడపిల్ల శరీరం గురించి, ముందుచూపు గురించి చాలాసేపు మాట్లాడాడు. సలహాలు ఇవ్వడానికి రక్తం కలవనక్కర్లేదు. నేను అరిచాను, ఏడ్చాను, అన్నం మానేశాను. పెదనాయన శ్రావణమనే మాట దాటి ఒక్క అడుగు కదల్లేదు.

శ్రావణం రాకముందే అన్న పోయాడు.

దినాలయ్యాక డిపార్ట్‌మెంట్‌లో సంతాప సభ పెట్టారు. ప్రొఫెసర్ గొంతు వణికించి మాట్లాడాడు. తన గుర్దా ఒకటి అన్నకేనని ఆనాడే మాటిచ్చాడట, విధే తీసుకోనివ్వలేదట. ముందు వరసలో ఉన్నవాళ్లు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సభ అయ్యాక ఆయన మా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. వదిన నిమ్మళంగా అడిగింది.

"మీ రెండు గుర్దాలు మంచిగున్నయా సార్?"

"బాగుండాయమ్మా."

"మాకైతే ఒక్కటి గూడ కనబడలే సార్."

చుట్టూ ఉన్న హైదరాబాద్ వాళ్లు నేల చూపులు చూశారు. ఆయనకు అర్థం కాలేదు. దుఃఖంలో ఆమె మతి చలించిందనుకున్నాడేమో, మెత్తగా ఓదార్చాడు.

"ఎట్ల కనబడతాయమ్మా, లోపలుంటాయి గదా."

మరుసటేడు పెదనాయన అన్న మాట నిలబెట్టుకున్నాడు. గోల్నాక నుంచి ఒక సంబంధం తెచ్చాడు. పిల్లవాడి తల్లి నన్ను కిటికీ దాకా నడిపించి చూసింది. జడ సొంతమా, సవరమా అని పట్టుకుని చూసింది. ఒక పాట పాడమంది. నాకు గుర్దాలు ఎన్ని ఉన్నాయో మాత్రం ఎవరూ అడగలేదు.