నిండిన బెంచీలు

ఖమ్మం దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఓ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ బీఏ పిల్లలకు చరిత్ర చెప్పేది కళావతి. ఆమె పాఠం మొదలుపెడితే ఒక్కరూ కిటికీ వైపు చూడరు. ఎండాకాలం వచ్చిందా, చూడటానికి అసలు పిల్లలుంటే కదా! ఊళ్లకు ఊళ్లు బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవిలోకి పోతాయి. ఆ డబ్బులతోనే వాళ్లకు విత్తనాలు, బట్టలు. హాజరు చాలలేదని పరీక్ష రాయనివ్వరు; ఏటా కొందరి చదువు అక్కడితో సరి.

ఆకు కోసే రోజుల్లో సెలవిచ్చి ఆ క్లాసులు వానాకాలంలో పెట్టాలని కళావతి స్టాఫ్ రూములో గొంతు చించుకునేది. "పైవాళ్లు చెప్పాలె మేడం" అని ప్రిన్సిపాల్ వెంకటేశ్వరరావు తప్పుకునేవాడు.

ఆ పైవాళ్లే ఒక ఏప్రిల్‌లో దిగారు. బీఏ ఎట్లా నడుస్తోందో చూసి, ఏం మార్చాలో చెప్పే కమిటీ. ముందురోజు ప్రిన్సిపాల్ మెల్లగా అన్నాడు: "క్లాసు ఖాళీగా కనబడితే బీఏ గ్రూపే ఎత్తేస్తరు. బీకాం పిల్లలను కూసోబెడదాం." కళావతికి భయం పట్టుకుంది. సరేనంది.

మర్నాడు పొద్దున్నే ఆకు కోత మానుకుని జంపక్క వచ్చింది. దుమ్ముగూడెం అవతలి కోయ గూడెం పిల్ల, బీఏ చివరి ఏడు.

"మా తిప్పలు నేనే చెప్త మేడం. మీరు రోజూ అనే మాటే గద!"

"ఇయ్యాల నోరు మెదపకు" అని కళావతి ఆమెను చివరి బెంచీకి పంపింది.

"క్లాసు నిండుగా ఉందే! ఇబ్బందులేమైనా ఉన్నాయామ్మా?" అన్నాడు కమిటీ పెద్ద. జంపక్క సగం లేచింది. కళావతి కళ్లురిమింది. పిల్ల కూర్చుండిపోయింది.

"ఏం లేవు సార్" అంది కళావతి.

గ్రూపు నిలబడింది. మార్పులేం అక్కర్లేదన్నారు. స్టాఫ్ రూములో మిఠాయి పంచితే సిగ్గు లేకుండా కళావతీ తిన్నది. నెల తిరగకుండానే, హాజరు చాలలేదని జంపక్కను పరీక్షకు కూర్చోనివ్వలేదు. కళావతి పోయి బతిమాలితే ప్రిన్సిపాల్ ఆశ్చర్యపోయాడు. "ఇబ్బందుల్లేవని మీరే అంటిరి గద మేడం!"

మరుసటి ఎండాకాలం ఆకు కొనే కల్లం దగ్గర జంపక్క కనిపించింది. కట్టలు పేరుస్తూనే నవ్వుతూ పలకరించింది.

"మా చెల్లె మీ కాడనే బీఏల జేరుతది మేడం. కమిటోళ్లు మల్లెప్పుడొస్తరు?"

"ఐదేండ్లకు."

జంపక్క చేతిలో కట్ట ఆగింది.

"అంటే, అది గూడ నా లెక్కనే ఆగిపోతదా?"

కోపంగా అడిగినా బాగుండేది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.