బావ మాట విన్న సుడి

మా కృష్ణాజిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువు సాక్షిగా ఇందులో ప్రతి అక్షరం నిజం. దయ్యాలనీ చేతబడులనీ నేనెప్పుడూ నమ్మలేదు. బందరులో ఇంజనీరింగ్ పిల్లలకి నీటి ప్రవాహాల పాఠం చెప్పేవాణ్ణి. అలాంటివి నమ్మితే జీతం ఎవడిస్తాడు?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసే గుడివాడ ప్రభాకర్, నాకు బావ వరస, అవనిగడ్డ దగ్గరి ఒక కాలవ వంతెన కింద నీరెలా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టాడు. స్తంభాల వెనక సుడులు తేలాయి, అది మామూలే. స్తంభమే లేనిచోట, గట్టు వారన, ఇంకోటి తేలింది. అదీ అపసవ్యంగా తిరిగేది. ప్రిన్సిపాల్‌గారు మురిసిపోయారు. ఢిల్లీ సదస్సుకి మాలో ఒక్కరినే పంపుతారు. నా కడుపు భగ్గుమంది.

సుడి అంటే ఏదో కంప్యూటర్‌కి తెలీదండీ. నీటి తిరుగుడు ఇంతకి మించితేనే సుడి అని మనమే ఒక హద్దు పెట్టాలి. హద్దు పెంచితే చిన్న సుడులు బొమ్మలోంచి పోతాయి. అసలు నీళ్ళకి ఏమీ కాదు.

"హద్దు మరీ కిందికి దించావు బావా. ఆ లెక్కన మా ఆవిడ కవ్వం పెట్టిన మజ్జిగ కూడా ఢిల్లీ వెళ్ళాలి," అన్నాను అందరి ముందూ.

రోషమొచ్చి పెంచేశాడు. సుడి పోయింది. ఇక కాలవనే చూద్దాం రండని ప్రిన్సిపాల్‌గారిని లేవదీసింది నేనే.

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. గట్టు వారన, నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క మొక్క తిన్నగా సాగిపోతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బావ సెల్లు తీసి ల్యాబులో ఉన్న సుజాతగారితో, "మేడం, హద్దు పాతచోటికే దించండి," అన్నాడు.

గుర్రపుడెక్క ఆగింది. అపసవ్యంగా తిరగడం మొదలెట్టింది.

"పెంచండి," అన్నాడు. తిన్నగా సాగిపోయింది.

"ఏవయ్యా, మజ్జిగేనా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు నావైపు తిరిగి.

ఫోన్ లాక్కుని, "దించండి," అన్నాను నేను. దించానన్నారు సుజాతగారు. నీళ్ళు తిరగలేదు. బావ ఫోన్ తీసుకుని, "దించారా?" అనడమే ఆలస్యం, గిర్రున తిరిగాయి. తర్వాత లాకుల దగ్గర విచారించాను. ఆ పూట గేట్లెవరూ ముట్టుకోలేదట.

ఢిల్లీకి బావే వెళ్ళాడు. స్టేషన్‌కి వెళ్ళి, దండ వేసి, మనస్ఫూర్తిగా కౌగిలించుకుని రైలెక్కించాను. ఆ నీళ్ళ సంగతి నాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు.

దేవుణ్ణి సాక్షిగా పిలిచాక దాచకూడదు. ఒక్కచోట కల్పించాను. కాలవ దగ్గర కాదు, స్టేషన్లో. ఆ 'మనస్ఫూర్తిగా' అన్న మాట.