జాన్ బీ ఎడమ చెవి

బన్సీలాల్‌పేటలో ముస్లింల ఇళ్లలో ఆడమనిషి ఎవరైనా కన్నుమూస్తే, ఏడుపు వినబడ్డ కాసేపటికే జాన్ బీకి కబురు వెళ్తుంది. చనిపోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం చేయించి కఫన్ బట్ట చుట్టడం ఆమె పని. జనగామ దిక్కు నుంచి కోడలుగా వచ్చింది కాబట్టి ఆ ఇంట్లో మాట్లాడేది తెలుగే. భర్త రహమాన్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణంలో పనిచేస్తాడు. ఒక్కడే కొడుకు తారిఖ్, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. జాన్ బీకి గల్లీలో ఉన్న పేరు ఒకటే: చెయ్యి మెత్తన, నోరు గట్టి.

నోరు గట్టి అంటే గయ్యాళి అని కాదు. ఆఖరి స్నానం చేయించేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఆ ఒంటి మీద ఏం కనబడినా బయట చెప్పకూడదు. పుట్టుమచ్చ కానీ, పుండు కానీ, ముఖం రంగు మారడం కానీ, అన్నీ ఆ పరదా లోపలే ఉండిపోవాలి. చనిపోయినవాళ్లు తమ పరువు తాము కాపాడుకోలేరు గదా. జాన్ బీ ఈ మాటను ఎంత గట్టిగా పట్టుకుందంటే, చూసినవే కాకుండా విన్నవి కూడా అందులోకే చేర్చేసింది. ఆమె బతుకులో చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయిన వానాకాలంలో ఆమె ఎడమ చెవిలో ఒక మోత మొదలైంది. మూత సరిగా పడని కుక్కర్‌లోంచి ఆవిరి పోతున్నట్టు సన్నగా, తెంపు లేకుండా. పగలు ఆటోల రొదలో, పక్కింటి టీవీలో కలిసిపోయేది. ఇల్లు కాస్త సద్దుమణిగిందంటే చాలు, పైకి తేలేది. కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. రహమాన్ ఎడమ పక్కన నిలబడి చాయ్ అడిగితే ఉలుకూ పలుకూ లేకపోయేసరికి సంగతి బయటపడింది.

ఇక చూడాలి, గల్లీ గల్లీ అంతా డాక్టరైపోయింది. ఒకరు వెల్లుల్లి కాచిన నూనె వెయ్యమన్నారు, ఒకరు వేడి ఉప్పు మూట పెట్టమన్నారు. పక్కింటి సుమిత్ర తన మరిదికి బాగా పనిచేశాయని నరాల బలానికి గోళీలు తెచ్చిచ్చింది. ఆ మరిదికి తక్లీఫ్ చెవిలో కాదు, నడుములో. తారిఖ్ ఫోన్‌లో వెతికి ఏదో విదేశీ ఆకుతో చేసిన మాత్రలు తెప్పించాడు. నూనె దిండుకంటింది, మాత్రలకు కడుపులో మంట లేచింది, మోత మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

చివరికి తారిఖ్ ఒక క్లినిక్ పట్టుకొచ్చాడు. దాని బోర్డు మీదే రాసి ఉంది, చెవి మోతకు ప్యాకేజీ అని. స్కానింగ్, చెవిలోకి ఇంజెక్షన్లు, ఏదో లేజర్, అన్నీ కలిపి ఒకేసారి. డాక్టర్ ఆమె చెవి వంక చూడకముందే రిసెప్షన్‌లో పిల్ల రసీదు పుస్తకం తీసింది. జాన్ బీ లేచి నిలబడింది.

"స్కాన్ గీన్ నాకొద్దు. ఇంటికి పోదాం పా."

"భయమేందమ్మీ? జెర సేపు పండుకుంటే అయిపాయె."

"వద్దన్న గదా!"

స్కానింగ్ మిషన్ గొట్టంలోకి పోవాలంటే జంకుతోందని తారిఖ్ అనుకున్నాడు. డబ్బు దండగని వెనక్కి తగ్గిందని రహమాన్ అనుకున్నాడు. ఇద్దరూ తప్పే. ఆమె భయం గొట్టం గురించి కాదు. స్కాన్‌లో ఏమీ లేదని తేలుతుందేమోనని ఆమె భయం.

ఆ భయం పేరు షిరీన్. అదే గల్లీ పిల్ల, పెళ్లయి రెండేళ్లు కాలేదు. జ్వరం ముదిరి ఆస్పత్రిలో పోయింది, డాక్టర్లు కాగితం రాసిచ్చాకే ఇంటికి తెచ్చారు. నీళ్లు పోయడానికి ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండగా, జాన్ బీ ఎప్పటిలాగే చేతికి గుడ్డ చుట్టుకుని, కప్పిన బట్ట కిందనే పని మొదలుపెట్టింది. ముందు భుజాలు కొంచెం పైకి లేపి పొట్ట మీద మెల్లగా ఒత్తాలి, అది పద్ధతి. ఒత్తింది. అప్పుడు షిరీన్ నోటి నుంచి ఒక మూలుగు వచ్చింది. చిన్నదే. నిద్రలో పక్కకు ఒత్తిగిల్లే మనిషి చేసే చప్పుడంత. జాన్ బీ గభాలున వంగి ఎడమ చెవి ఆ పెదాలకు ఆనించి విన్నది. ఊపిరి లేదు, ఏమీ లేదు. ఒళ్లు చల్లగా ఉంది. అయినా అలాగే చాలాసేపు విన్నది. తర్వాత లేచి, పని పూర్తి చేసి, కఫన్ చుట్టి, పరదా బయటకు వచ్చి ఎవరితోనూ నోరు మెదపలేదు. సాయంత్రం అసరు నమాజు వేళకు జనాజా కబరస్తాన్‌కు వెళ్లిపోయింది. కొద్ది రోజులకే ఆ చెవిలోనే మోత షురూ అయింది.

ఇప్పుడు చెప్పండి, ఆమె ఏమనుకోవాలి? గడ్డో, చీమో, నరమో దొరికితే ఆ మోతకు ఒక కారణం ఉన్నట్టు. ఏమీ దొరక్కపోతే అది షిరీనే. ప్రాణమున్న పిల్లను మట్టిలో పెట్టించింది తానే. జాన్ బీ లెక్క ఇంతే, దాని నుంచి ఆమెను కదిపేవాళ్లు లేరు. ఎందుకంటే ఆ లెక్క ఆమె ఎవరికీ చూపించలేదు.

ఆ ప్యాకేజీ వద్దనుకున్నాక తారిఖ్ ఆమెను ఇంకో ఈఎన్‌టీ డాక్టర్ అనుపమ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ ముందు చెవుల్లో లైటు వేసి చూసింది, గుబిలి లేదంది. తర్వాత తీరుబడిగా అడిగింది.

"మోత ఒక చెవిలోనా అమ్మా, రెండు చెవుల్లోనా?"

"రెండిట్ల," అంది జాన్ బీ, కన్నార్పకుండా. ఎడమ చెవి అంటే షిరీన్ పేరు చెప్పినట్టే అనిపించింది.

"గుండె కొట్టుకున్నట్టు వస్తుందా? తల తిరుగుతుందా?"

"లేదు."

"రెండు వైపులా ఒకే తీరుగా ఉంటే మామూలుగా స్కాన్ అవసరం పడదు. వినికిడి పరీక్ష ఒకటి చేద్దాం. ఆ ఆకు మాత్రలు ఆపేయండి, వాటితో తగ్గుతుందని రుజువు లేదు. లేజర్లూ అంతే."

గోళీ రాయని డాక్టరేం డాక్టరని తారిఖ్ ముఖం మాడ్చుకున్నాడు. జాన్ బీకి మాత్రం బరువు దిగినట్టయింది. వినికిడి పరీక్షలో ఎవరు దొరికిపోతారులే అనుకుంది.

పరీక్ష చేసే అమ్మాయి పేరు గ్రేసీ. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో బటన్ పెట్టింది. కూత వినబడినప్పుడల్లా నొక్కాలి. తలుపు మూసింది. జాన్ బీ అంత నిశ్శబ్దాన్ని పుట్టి ఎరగదు. గోడలు కూడా చప్పుడు మింగేస్తున్నాయి. ఆ గదిలో ఇక మిగిలింది ఆమె, ఎడమ చెవి, అందులో ఆ పిల్ల. నోరారా మూలుగుతోంది. జాన్ బీ నొక్కింది. మళ్లీ నొక్కింది. చెంపలు తడిసిపోయాయి, బటన్ వదల్లేదు.

గ్రేసీ తలుపు తీసింది. "అమ్మా, నేను ఏ సౌండూ పంపలే. మీరు దేనికి నొక్కుతున్నరు?"

జాన్ బీ చెంపలు తుడుచుకుంది. గ్రేసీ ఓపిగ్గా, కూతలు మార్చి మార్చి మళ్లీ చేసింది. కుడి చెవి వయసుకు తగ్గట్టే ఉంది. ఎడమ చెవికి సన్నని శబ్దాలు సరిగా వినబడటం లేదు. డాక్టర్ ఆ కాగితం చూసి తారిఖ్‌ను బయట కూర్చోమంది.

"నిజం చెప్పండి. ఎడమ చెవి ఒక్కటేనా?"

జాన్ బీ తల ఊపింది.

"ఎందుకు రెండన్నారు?"

ఆమె కొంగు ఎడమ చెవి మీదకు లాక్కుంది. డాక్టర్ రెట్టించలేదు. ఒక్క చెవిలోనే మోత, ఆ చెవికే వినికిడి తక్కువ అంటే ఒకసారి ఎంఆర్‌ఐ తీసి చూడాలంది. వినికిడి నరం మీద చిన్న గడ్డ ఉండొచ్చు. చాలా అరుదు, అయినా వదిలెయ్యకూడదు.

"గడ్డ ఉంటదా డాక్టరమ్మా?" అంది జాన్ బీ. ఆ గొంతులో ఆశ విని అనుపమ కాగితం కింద పెట్టేసింది. ఆవిడ దగ్గర ఆ ప్రశ్నను అలా అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

స్కాన్ రోజు దగ్గరపడుతుంటే జాన్ బీకి అన్నం సయించలేదు. నమాజులో దువా చేస్తే నోటికి వచ్చేది ఒకటే, అల్లా, గడ్డ ఉండనీ. అలా అడుగుతున్నందుకు మళ్లీ ఏడ్చేది. చివరికి తట్టుకోలేక బస్సెక్కి యాప్రాల్ పోయింది. తనకు ఈ పని నేర్పిన మహబూబ్ బీ అక్కడ కూతురింట్లో ఉంది. కాళ్లు పడిపోయి మంచం పట్టింది, మాట మాత్రం గట్టిగానే ఉంది.

షిరీన్ పేరు ఎత్తకుండా, చనిపోయిన ఒక మనిషి, ఒక మయ్యత్ అని మాత్రం చెప్పి, జాన్ బీ అంతా కక్కేసింది. మహబూబ్ బీ ఒకటే అడిగింది.

"పొట్ట ఒత్తినప్పుడేనా?"

"ఆఁ."

"పిచ్చిదానా. లోపల ఆగిన గాలి గది. భుజాలు లేపి ఒత్తితే గొంతుల నుంచి బయటికొస్తది. అందరికీ రాదు, కొందరికి వస్తది. నాకు మొదటిసారి వచ్చినప్పుడు నేను పరదా చింపుకొని ఉరికిన."

"మరి నాకెందుకు చెప్పలే ఖాలా?"

మహబూబ్ బీ కళ్లు తిప్పేసుకుంది. "నాకెవరు చెప్పిండ్రు? మయ్యత్ ముచ్చట బయట మాట్లాడొద్దంటిమి. మనల మనం సుత మాట్లాడుకోకపోతిమి." మళ్లీ అడిగింది, "గప్పుడు నీళ్లు పోసింది ఎవరు?"

ఆ పరదా లోపల ఇంకో జత చెవులు ఉన్నాయని జాన్ బీకి అప్పుడే తట్టింది. నీళ్లు పోసింది షిరీన్ అక్క ఫర్హత్. ఆ చప్పుడప్పుడు తన చూపంతా షిరీన్ ముఖం మీదే ఉంది. ఫర్హత్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఎంఆర్‌ఐ తీశారు. గడ్డ లేదు, ఏమీ లేదు. తారిఖ్ మిఠాయి తెచ్చి గల్లీలో పంచాడు. అనుపమ ఉన్నదున్నట్టు చెప్పింది: చెవి వినలేనిచోట మెదడు తనే చప్పుడు పుట్టిస్తుంది, ఇది పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. వినికిడి యంత్రం పెట్టుకుంటే తగ్గినట్టుంటుంది. పడుకునేటప్పుడు ఫ్యాన్ చప్పుడు ఉండనివ్వండి. దాన్ని చూసి భయపడటం మానితే సగం తీరుతుంది, దానికి, మాట్లాడించి ధైర్యం చెప్పే కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తాను.

జాన్ బీ అన్నిటికీ సరేనంది. మోత అలాగే ఉంది. ఏమీ లేదన్న రిపోర్టు చేతిలో పట్టుకుని కూడా బతికే ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. కానీ మనసు రిపోర్టు మీద లేదు. ఫర్హత్ కొన్ని నెలలుగా కుట్టు మిషన్ మీద కూర్చోవడం మానేసిందని, ఎవరితోనూ మాట్లాడదని, కబరస్తాన్ గోడ బయట నిలబడి ఉంటుందని గల్లీలో అందరికీ తెలుసు. చెల్లెలి మీద బెంగ అని తీర్మానించి ఊరుకున్నారు. జాన్ బీ కూడా ఊరుకుంది.

ఆసుపత్రి నుంచి తిన్నగా ఆ ఇంటికే పోయింది. ఫర్హత్ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. మనిషి సగమైపోయింది. జాన్ బీ ఎదురుగా కూర్చుంది. ముప్పై ఏళ్ల కట్టుబాటు, నాలుక మీదకు రావడానికి మాట మొరాయించింది.

"బిడ్డా, షిరీన్‌కు స్నానం పోసిన దినం, నేను పొట్ట ఒత్తినప్పుడు ఒక చప్పుడొచ్చింది. అది ఉత్త గాలి. నాకు మొన్ననే ఎరుకైంది. నీకు చెప్పాలని వచ్చిన."

ఫర్హత్ చేతిలోని చాట ఒరిగి బియ్యం ఒళ్లో పడ్డాయి. ఎన్నాళ్లనుంచో వాడని గొంతులా బొంగురుగా వచ్చింది మాట.

"నేను సుత ఇన్న ఖాలా. ఇని సుత నీళ్లు పోస్తనే ఉన్న."